నేవీ పైలట్లు, సివిల్ పైలట్లు: ఎయిర్‌లైన్ ఉద్యోగంలో ఈ గొడవని ఎలా దాటాలి

విశాఖలో పైలట్ అవ్వాలనుకునే పిల్లలు చిన్నప్పటి నుంచీ రెండు రకాల విమానాల్ని ఒకే రన్‌వే మీద చూస్తూ పెరుగుతారు. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర బస్సు కోసం నిలబడితే కాసేపటికి నేవీ డోర్నియర్, ఇంకాసేపటికి ఎయిర్‌బస్ కనిపించడం ఇక్కడ వింతేమీ కాదు. మన రన్‌వే నేవీది. ఇక్కడి నేవీ ఎయిర్ స్టేషన్ ఐఎన్ఎస్ డేగా 1991లో కమిషన్ అయింది, ఇన్నేళ్లూ ఇక్కడ దిగిన ప్రతి ప్యాసింజర్ విమానమూ నేవీ ఏటీసీతో (కంట్రోల్ టవర్) మాట్లాడే దిగింది.

ఇలాంటి ఊళ్లో కూడా ఎయిర్‌లైన్ ఉద్యోగాల మాట వచ్చేసరికి రెండు వర్గాలకీ పడదు. "వాళ్లకి ట్రైనింగ్ ఫ్రీ, పెన్షన్ వస్తుంది, మళ్లీ మా సీట్లకెందుకు ఎగబడతారు" అంటారు సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) చేసిన పిల్లలు. "డబ్బు కట్టి లైసెన్స్ తెచ్చుకున్న కుర్రాళ్ల పక్కన జూనియర్‌గా కూర్చోవాలా" అంటారు నేవీ నుంచి బయటికొచ్చేవాళ్లు. నేను ద్వారకానగర్‌లో ఇద్దరికీ గ్రౌండ్ సబ్జెక్టులు చెప్తుంటాను, ఒకే గదిలో ఇద్దర్నీ కూర్చోబెట్టి. రెండు మాటలూ అన్యాయమే. ఎగిరిన ప్రతి గంటా రాసుకునే పుస్తకం లాగ్‌బుక్. ఎదుటివాళ్ల లాగ్‌బుక్‌లో ఏముందో తెలియకపోవడం వల్ల సగం గొడవ పుడుతోంది, మిగతా సగం సీనియారిటీ నంబర్ వల్ల. సీనియారిటీ మీ చేతిలో లేదు. లాగ్‌బుక్ సంగతి మాత్రం పూర్తిగా మీ చేతిలో ఉంది, అందుకే దాని గురించే ఎక్కువ చెప్తాను.

ముందు డబ్బు, పెన్షన్, సీనియారిటీ

షార్ట్ సర్వీస్ కమిషన్ మీద నేవీలో చేరిన పైలట్‌కి మొదట పదేళ్లు, పొడిగిస్తే 14 ఏళ్లు. ఆఫీసర్లకి పెన్షన్ రావాలంటే 20 ఏళ్ల సర్వీసు ఉండాలి. అంటే పదేళ్లకో పద్నాలుగేళ్లకో బయటికొచ్చినవాళ్లకి గ్రాట్యుటీ వస్తుంది గానీ నెలనెలా పెన్షన్ రాదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే "పెన్షన్ తీసుకుంటూ మా సీటు" అనే మాట చాలామంది విషయంలో అక్కడే ఆగిపోతుంది. ముప్పై రెండేళ్ల వయసులో, పెళ్లాం పిల్లలతో, కొత్త లైసెన్స్ కోసం మళ్లీ పుస్తకాలు పట్టుకున్న మనిషి మీకు పోటీదారుడిలా కనిపిస్తున్నాడేమో, అతని ఇంట్లో మాత్రం మీ ఇంట్లో ఉన్నంత టెన్షనూ ఉంది.

అలాగే నేవీ వాళ్లూ ఒకటి గమనించాలి. సీపీఎల్ చేసిన అమ్మాయి వెనక 40 నుంచి 60 లక్షల ఖర్చుంది, ఆపైన ఒక ప్రత్యేక రకం విమానం నడపడానికి కావలసిన టైప్ రేటింగ్‌కి ఇంకో 15, 20 లక్షలు. అనకాపల్లి పక్కన పొలం అమ్మినవాళ్లనీ, ఇల్లు తాకట్టు పెట్టిన తండ్రుల్నీ నేను చూశాను. ఆ లైసెన్స్ ఎవరూ కౌంటర్లో కొనుక్కోలేదు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే పేపర్లు ఒక్కొక్కటీ 70 శాతంతో పాసయ్యి, 200 గంటలు ఎగిరి, అందులో 100 గంటలు తానే పైలట్ ఇన్ కమాండ్‌గా ఎగిరి తెచ్చుకున్నది.

ఇక సీనియారిటీ. చేరిన తేదీని బట్టి నంబర్ వస్తుంది, అప్‌గ్రేడ్ వరస చాలావరకు దాని వెంటే నడుస్తుంది. 42 ఏళ్ల రిటైర్డ్ కమాండర్ 29 ఏళ్ల కెప్టెన్‌కి ఫస్ట్ ఆఫీసర్‌గా (కో పైలట్) కూర్చోవడం మామూలు విషయం. ఇంకో రకమూ జరుగుతుంది: కెప్టెన్ అవ్వడానికి ఉండాల్సిన లైసెన్స్ ఏటీపీఎల్‌కి కావలసిన 1500 గంటలు మిలిటరీ నుంచి వచ్చినతనికి ముందే ఉంటాయి, అదే బ్యాచ్‌లో చేరిన సీపీఎల్ కుర్రాడు ఆ గంటల కోసం కుడి సీట్లో ఏళ్లు కూర్చోవాలి, ఈలోగా ఆ మిలిటరీ అతను ఎడమ సీటుకి, అంటే కెప్టెన్ సీటుకి, వెళ్లిపోతాడు. ఇది చూసి కడుపు మండటం సహజమే. కానీ అది రూలు, పక్షపాతం కాదు. మీకూ ఆ గంటలు నిండిన రోజున అదే రూలు పనిచేస్తుంది.

అమెరికాలో ఈ గొడవ ఇంకా ముందే మొదలవుతుంది. 2009లో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ ప్రమాదం తర్వాత 2013 నుంచి ఫస్ట్ ఆఫీసర్‌గా చేరాలన్నా 1500 గంటలు ఉండాలన్నారు, మిలిటరీలో ట్రైనింగ్ అయినవాళ్లకి మాత్రం 750 చాలన్నారు. అక్కడ తగువు గుమ్మం దగ్గర, మన దగ్గర ఎడమ సీటు దగ్గర. అందుకే యూట్యూబ్‌లో అమెరికా పైలట్ల వాదనలు చూసి వాటిని ఇక్కడికి అన్వయించకండి, చాలావరకు మనకి వర్తించవు.

లాగ్‌బుక్కులు మార్చుకుని చదవండి

నేను ప్రతి బ్యాచ్‌లోనూ చేయించే పని ఇదే. ఒక సివిల్, ఒక నేవీ పక్కపక్కన కూర్చుని ఒకరి లాగ్‌బుక్ ఇంకొకరు పేజీ పేజీ తిప్పి చదవాలి, మొత్తం గంటలున్న చివరి గడి చూడకుండా.

సివిల్ లాగ్‌బుక్‌లో ఎక్కువగా సెస్నా 172, ఒకే ఇంజన్. సర్క్యూట్లు (రన్‌వే చుట్టూ తిరిగి దిగడం), సోలోలు (ఒంటరిగా ఎగరడం), 300 నాటికల్ మైళ్ల క్రాస్ కంట్రీ ఒకటి, అందులో దారిలో రెండు వేరే ఎయిర్‌పోర్టుల్లో పూర్తిగా ఆగి మళ్లీ బయల్దేరిన ఎంట్రీలు. కొంచెం నైట్, కొంచెం ఇన్‌స్ట్రుమెంట్ (బయటికి చూడకుండా పరికరాల్ని బట్టి నడపడం), చివర్లో కొద్ది గంటలు మల్టీ ఇంజన్. నేవీ అతను ఈ పుస్తకం చదివితే అతనికి తెలిసేది ఏమిటంటే, ఈ పిల్ల మొదటి రోజు నుంచీ సివిల్ ఎయిర్‌స్పేస్‌లో, సివిల్ ఏటీసీతో, సివిల్ రూల్స్‌లోనే పెరిగింది. అతను ఇప్పుడు కొత్తగా నేర్చుకుంటున్నది ఆమెకి అలవాటైన నేల.

నేవీ లాగ్‌బుక్ అన్నీ ఒకే రకం కాదు, ఇక్కడే సివిల్ పిల్లలు పొరబడతారు. ఫైటర్ పైలట్ పేజీలో ఎంట్రీలన్నీ గంట, గంటంబావు. పదిహేనేళ్లు ఎగిరినా మొత్తం చూస్తే తక్కువే అనిపిస్తుంది, కానీ ఆ గంటలో ఆటోపైలట్ పెట్టి కాఫీ తాగిన నిమిషం ఒక్కటీ ఉండదు. డోర్నియర్ నడిపినవాళ్లది వేరు: రెండు ఇంజన్లు, ఇద్దరు పైలట్లు, సముద్రం మీద గస్తీ. బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన పాత గస్తీ విమానం టీయూ 142 లోపలికి వెళ్లి చూసినవాళ్లకి తెలుస్తుంది ఆ గస్తీ ఎంతసేపో, అంతమంది క్రూతో ఎలా ఉండేదో. ఇప్పుడు అరక్కోణంలో ఉన్న పీ 8ఐ అయితే బోయింగ్ 737 శరీరం మీద కట్టిందే, దాన్నుంచి వచ్చినవాళ్లకి ఎయిర్‌లైన్ కాక్‌పిట్ మరీ పరాయి చోటు కాదు. హెలికాప్టర్ పైలట్ల సంగతి ఇంకోటి. రాత్రిపూట, ఊగే ఓడ మీద దిగడం అంటే ఏమిటో ఆ పేజీలో ఒక చిన్న గుర్తు మాత్రమే ఉంటుంది, అడిగితే తప్ప చెప్పరు.

గంటలు లెక్కపెట్టే పద్ధతి కూడా తేడా. డీజీసీఏ లెక్కలో విమానం సొంత ఇంజన్ బలంతో కదిలినప్పటి నుంచి ఆగేదాకా ఫ్లైట్ టైమ్, అంటే టాక్సీ చేసింది కూడా కలుస్తుంది. మిలిటరీలో మామూలుగా గాల్లో ఉన్న సమయమే చూస్తారు. అమెరికాలో కొన్ని ఎయిర్‌లైన్లు మిలిటరీ పైలట్లకి ఒక్కో సార్టీకి (ఒకసారి ఎగిరి దిగడానికి) కొంత సమయం కలిపి లెక్కేసేది అందుకే. కాబట్టి రెండు పుస్తకాల్లోని అంకెల్ని పక్కపక్కన పెట్టి ఎవరిది పెద్దదని వాదించుకోవడం మానేయండి.

పేజీలు తిప్పడం అయ్యాక ఒకరినొకరు ఒక్క ప్రశ్న అడగమంటాను: "ఇందులో నీకు బాగా భయం వేసిన ఎంట్రీ ఏది?" ఒకసారి సీపీఎల్ చేసిన అమ్మాయి తన సోలో క్రాస్ కంట్రీ చూపించింది, ముందు మబ్బు మూసుకొస్తుంటే ఒక్కతే వెనక్కి తిప్పేసిన రోజు. పక్కనున్న లెఫ్టినెంట్ కమాండర్ చాలాసేపు ఆ లైన్ మీదే వేలు పెట్టి ఉంచి, "వెనక్కి తిరగాలని మీకు ఎవరు చెప్పారు?" అని అడిగారు. "ఎవరూ చెప్పలేదు సార్" అంది. ఆ తర్వాత ఆయన ఆ అమ్మాయిని "మీరు" అనడం మానలేదు.

సివిల్ పిల్లలు చేయాల్సింది

మీ అసలు శత్రువు నేవీ వాళ్లు కాదు, సీపీఎల్ చేతికొచ్చాక ఉద్యోగం వచ్చేదాకా ఉండే ఖాళీ. ఆ ఖాళీలో చెయ్యి మొద్దుబారిపోతుంది, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ గడువు దాటిపోతుంది, సిమ్యులేటర్ చెక్‌లో అది మొదటి ఐదు నిమిషాల్లోనే తెలిసిపోతుంది. డబ్బులుంటే ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ వైపు చూడండి, గంటలూ వస్తాయి, చేతిలో పట్టూ ఉంటుంది. లేకపోతే కనీసం ఇన్‌స్ట్రుమెంట్ స్కాన్ రోజూ ప్రాక్టీస్ చేయండి, ఇంట్లో కంప్యూటర్ సిమ్యులేటర్ మీదైనా సరే.

వాతావరణం మీద పట్టు తెచ్చుకోండి. మిలిటరీ వాళ్లు ఇంటర్వ్యూల్లో మిమ్మల్ని దాటేసేది ఎక్కువగా ఇక్కడే. మీది విశాఖ అని చూసిన ప్యానెల్ మీ ఊరి వాతావరణం అడిగే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మన ఎయిర్‌పోర్ట్ టెర్మినల్‌ని ఏం చేసిందో మీ ఇంట్లో అందరికీ గుర్తే, కానీ తుఫాను కన్ను ఊరి మీదుగా వెళ్తున్నప్పుడు గాలి దిక్కు ఎందుకు తిరగబడుతుందో బోర్డు మీద గీసి చెప్పగలరా? సముద్రపు గాలి మధ్యాహ్నానికి ఎందుకు లేస్తుంది, ఒక పక్క కొండలు ఉండటం వల్ల అప్రోచ్‌లో ఏం జాగ్రత్త పడాలి, ఇవి చెప్పగలిగితే మీ 200 గంటల్ని ఎవరూ చిన్నచూపు చూడరు.

సర్వీసు వదిలేవాళ్లు చేయాల్సింది

రిలీజ్ ఆర్డర్ చేతికొచ్చాక మొదలుపెడదాంలే అనుకోకండి. రెండేళ్ల ముందే మొదలుపెట్టండి. డీజీసీఏ పరీక్షలకి కావలసిన కంప్యూటర్ నంబర్, దాని ఆన్‌లైన్ పోర్టల్ ఈజీసీఏలో ప్రొఫైల్, పేపర్లు, ఇవన్నీ సర్వీసులో ఉండగానే నడిపించుకోవచ్చు, అనుమతులు మాత్రం మీ యూనిట్ ద్వారా ముందే రాతపూర్వకంగా తీసుకోండి. సర్వీసు పైలట్లకి డీజీసీఏ ఇచ్చే వెసులుబాట్లు సర్క్యులర్ల ద్వారా మారుతుంటాయి, కోర్స్‌మేట్ వాట్సాప్‌లో పంపిన పాత పీడీఎఫ్ నమ్ముకోకుండా వెబ్‌సైట్‌లో ఉన్న తాజా కాపీనే చదవండి. లాగ్‌బుక్ సర్టిఫై చేయించుకునే పని యూనిట్ వదిలాక పది రెట్లు కష్టం. సంతకం పెట్టాల్సిన ఆఫీసర్ అప్పటికి కొచ్చికో అండమాన్‌కో బదిలీ అయిపోయి ఉంటారు.

హెలికాప్టర్ వాళ్లకి ఒక మాట సూటిగా చెప్పాలి. మీ రోటరీ గంటలు ఎన్ని వేలున్నా ఎయిర్‌బస్ ఎక్కాలంటే విమానం లైసెన్స్ విడిగా కావాల్సిందే, దానికి ఫిక్స్‌డ్ వింగ్ గంటలు విడిగా కావాల్సిందే. ఆ ఖర్చుకీ ఆ సమయానికీ సిద్ధంగా లేకపోతే ఆఫ్‌షోర్ ఫ్లయింగ్ వైపు చూడటంలో తక్కువతనం ఏమీ లేదు. కృష్ణా గోదావరి బేసిన్ మన పక్కనే ఉంది, సముద్రం మీద ప్లాట్‌ఫారం మీద దిగే పనిలో మీ అనుభవానికి వచ్చే విలువ వేరు.

అన్నిటికంటే కష్టమైంది అలవాటు మార్చుకోవడం. మిషన్ పూర్తి చేసి రావడం మీ రక్తంలో ఉంది. ఎయిర్‌లైన్‌లో అప్రోచ్ కుదురుగా లేకపోతే గో అరౌండ్ చేసి ఇంకో చుట్టు తిరిగి రావడమే మంచి పని, దానికి ఎవరూ సంజాయిషీ అడగకూడదు. మీరు ఎయిర్‌లైన్‌కి తీసుకురాగలిగిన గొప్ప అలవాటు డిబ్రీఫ్. దిగాక ర్యాంకు పక్కన పెట్టి ఎక్కడ తప్పు జరిగిందో నిర్మొహమాటంగా మాట్లాడుకోవడం మీకు వచ్చు. సివిల్ వాళ్లకి అది నేర్పండి, పాఠం చెప్పినట్టు కాకుండా, ముందు మీ ఫ్లయింగ్‌లోని లోపాలతో మొదలుపెట్టి.

కాక్‌పిట్‌లో కూర్చున్నాక

ఇది నేను అందరికంటే ఎక్కువసేపు చెప్పే పాఠం. 2010 మే 22న మంగళూరులో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి లోయలో పడింది, 158 మంది పోయారు. ఫస్ట్ ఆఫీసర్ గో అరౌండ్ చేద్దామని మూడుసార్లు అన్నాడని విచారణలో తేలింది. కెప్టెన్ దిగడానికే చూశాడు. అన్నవాడికి అధికారం లేదా? ఆ విషయంలో రూల్స్ స్పష్టంగా లేవని విచారణలోనే అన్నారు. కంట్రోల్ తీసుకోవడం మాత్రం జరగలేదు. పక్కసీట్లో ఉన్నవాళ్ల అనుభవానికీ మనకీ మధ్య దూరం పెరిగేకొద్దీ నోరు పెగలదు, ఆ దూరాన్నే కాక్‌పిట్ గ్రేడియెంట్ అంటారు. మన ఇళ్లలో పెద్దవాళ్లకి ఎదురు చెప్పకూడదని పెంచుతారు కదా, ఆ పెంపకం ఇంట్లో మంచిదే, వెయ్యి అడుగుల ఎత్తులో ప్రమాదం.

మీరు 200 గంటల ఫస్ట్ ఆఫీసర్, ఎడమ పక్కన ఛాతీ నిండా మెడల్స్ తెచ్చుకున్న మాజీ వింగ్ కమాండర్ అనుకోండి. తేడా కనిపించినప్పుడు పైకి చెప్పే మాటలో, అంటే కాలౌట్‌లో "సార్" కలపకండి. స్పీడ్ ఎక్కువుంటే "స్పీడ్" అనే అనాలి. జవాబు రాకపోతే మళ్లీ అదే, ఇంకొంచెం గట్టిగా. అప్పటికీ కదలిక లేకపోతే "గో అరౌండ్", ఆ తర్వాత మీ కంపెనీ పని పద్ధతుల పుస్తకం ఎస్ఓపీలో రాసినట్టు కంట్రోల్ తీసుకోవడమే. ఈ వరసని గదిలో గట్టిగా, నోటితో ప్రాక్టీస్ చేయండి. మనసులో అనుకుంటే సరిపోదు, నా క్లాసులో మొదటిసారి చేయించినప్పుడు పిల్లలకి గొంతు రాదు.

దీనికి రెండో వైపు: కుర్ర కెప్టెన్, పక్కన తనకంటే పదిహేనేళ్లు పెద్దయిన మాజీ నేవీ ఫస్ట్ ఆఫీసర్. కెప్టెన్ బ్రీఫింగ్‌లోనే "ఏది కనిపించినా చెప్పండి, నేను వింటాను" అని నోరు తెరిచి చెప్పాలి, పెద్దాయన అవతల తన అనుభవాన్ని సలహాగా మాత్రమే వాడాలి. బయట "గారు" అనుకోండి, క్రూ బస్సులో అన్నా తమ్ముడూ అనుకోండి. తలుపు మూశాక పైలట్ ఫ్లయింగ్ (నడిపేవాళ్లు), పైలట్ మానిటరింగ్ (గమనించేవాళ్లు), ఇద్దరే.

ఈ రెండు వర్గాలూ కలిస్తే ఏమవుతుందో చూడాలంటే 2009 జనవరి 15 న్యూయార్క్ చాలు. పక్షులు తగిలి రెండు ఇంజన్లూ పోయిన యూఎస్ ఎయిర్‌వేస్ 1549లో కెప్టెన్ సల్లెన్‌బర్గర్ ఒకప్పుడు అమెరికా ఎయిర్ ఫోర్స్‌లో ఎఫ్ 4 ఫైటర్ నడిపినవాడు, ఫస్ట్ ఆఫీసర్ స్కైల్స్ సివిల్ దారిలో వచ్చినవాడు. ఆయన విమానాన్ని తన చేతిలోకి తీసుకున్నాడు, ఇతను చెక్‌లిస్ట్ పట్టుకున్నాడు. హడ్సన్ నది మీద దిగడానికి కొన్ని క్షణాల ముందు కెప్టెన్ పక్కకి అడిగాడు, నీకేమైనా ఆలోచన తడుతోందా అని. లేదన్నాడు అతను, ఉన్నదున్నట్టు. 155 మందీ బతికారు. అంత అనుభవం ఉన్న మనిషి ఆ క్షణంలో కూడా పక్కవాడిని అడిగాడు చూడండి, నా దృష్టిలో అది నదిలో దింపడం అంత పెద్ద పని.

ఇంటర్వ్యూలో

"మీ కెప్టెన్ మాజీ మిలిటరీ అయితే?" అనో, "మీకంటే చిన్నవాళ్ల కింద పనిచేయగలరా?" అనో అడగొచ్చు. గొప్పగా జవాబు చెప్పాలని చూడకండి. సివిల్ వాళ్లు అవతలివాళ్ల నుంచి ఏం నేర్చుకున్నారో ఒక నిజమైన ఉదాహరణ చెప్పండి. నేవీ వాళ్లు అయితే, తనకంటే జూనియర్ చెప్పిన మాట విని నిర్ణయం మార్చుకున్న సందర్భం ఒకటి చెప్పండి. యూనిట్ గొప్పలు, ఫీజులెంత అయ్యాయి, ఇవేవీ అక్కడ పనికిరావు. లాగ్‌బుక్కులు మార్చుకోమన్నది దీనిక్కూడా పనికొస్తుంది, ఉదాహరణలు అక్కడే దొరుకుతాయి.

ఇంకా ఇంటర్‌లో ఉన్నవాళ్లకి

ఏ దారిలో వెళ్లాలో ఇంకా తేలకపోతే వరస జాగ్రత్తగా పెట్టుకోండి. రెండు దారులకీ ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలి. మిలిటరీ ఫ్లయింగ్‌కి పెట్టే పైలట్ సెలెక్షన్ టెస్ట్, సీపీఎస్ఎస్, జీవితంలో ఒక్కసారే. అది పోతే మళ్లీ అవకాశం లేదు, కాబట్టి "ఊరికే ఒకసారి రాసొద్దాం" అని వెళ్లకండి. ఆఫీసర్ల ఎంపిక ఇంటర్వ్యూలు జరిగే నేవీ ఎస్ఎస్‌బీ కేంద్రాల్లో విశాఖ కూడా ఉంది గనక కనీసం ఆ వాతావరణం గురించి అడిగి తెలుసుకోవడానికి మనవాళ్లకి దూరం వెళ్లే పని లేదు. అమ్మాయిలకి ప్రత్యేకంగా చెప్తున్నాను, నేవీ ఫైటర్ స్ట్రీమ్‌లోకి వెళ్లిన మొదటి మహిళ ఆస్థా పూనియా 2025 జులైలో వింగ్స్ అందుకుంది మన డేగాలోనే. ఇది అబ్బాయిల దారి అని మీ ఇంట్లో ఎవరైనా అంటే ఆ ఫొటో చూపించండి.

ఒక దారి పట్టుకుంటే రెండోది మూసుకుపోతుందనీ కాదు. ఎయిర్ ఫోర్స్ ఫ్లయింగ్ బ్రాంచికి పెట్టే ప్రవేశ పరీక్ష ఏఎఫ్‌క్యాట్‌లో మామూలు వయసు పరిమితి 24, చెల్లుబాటయ్యే సీపీఎల్ ఉన్నవాళ్లకి 26 దాకా సడలింపు ఉంది. అంటే మీ సివిల్ లైసెన్స్‌కి మిలిటరీ కూడా విలువ ఇస్తోంది. అటు పదేళ్లు నేవీలో ఎగిరి 32కి బయటికొచ్చినా, ఎయిర్‌లైన్‌లో 65 దాకా ఎగరొచ్చు.

ఏది ఎంచుకున్నా, అప్పు తీసుకునేముందు మెడికల్ చేయించుకోండి. కళ్లజోడు ఉన్నంత మాత్రాన సివిల్ వైపు తలుపు మూసుకున్నట్టు కాదు, కానీ రంగులు గుర్తించడంలోనో గుండె పరీక్షలోనో తేడా వస్తే ఫీజు కట్టిన తర్వాత తెలిసి లాభం లేదు. డీజీసీఏ లిస్టులో ఉన్న డాక్టర్ దగ్గర ముందు క్లాస్ 2, తర్వాత క్లాస్ 1. దానికి చాలామంది వెళ్తూ వచ్చింది బెంగళూరులోని ఎయిర్ ఫోర్స్ వాళ్ల వైమానిక వైద్య సంస్థ ఐఏఎంకే. ఫ్లయింగ్ స్కూల్ మొదటి వాయిదా కట్టేలోగా ఆ రిపోర్టు మీ ఫైల్‌లో ఉండాలి.